మా మండలానికి మంజూరైన భూకంపం

రాజధానిలో ఉండే ఒక పెద్ద అధికారి విదేశీ పర్యటనకు వెళ్లి వచ్చారు. ఆయన వెళ్లిన దేశంలో భూమి తరచుగా కదులుతూ ఉంటుందట. అక్కడి శిశు పాఠశాలలో గంట మోగగానే నాలుగేళ్ల పిల్లలు కిమ్మనకుండా బల్లల కింద దూరి, బల్ల కాళ్లు పట్టుకుని కూర్చోవడం ఆయన కళ్లారా చూశారు. తన కళ్లు చెమర్చాయని తిరిగొచ్చాక పత్రికలవాళ్లకు చెప్పారు. మన పిల్లలకేం తక్కువ అని కూడా అన్నారు. ఆ మాట అన్న కొద్ది రోజులకే 'భూమి కదిలినా బాల్యం చెదరదు' అనే కార్యక్రమం రాష్ట్రమంతటా మొదలైంది.

మా గుండ్లవాగు ప్రాథమిక పాఠశాలకు ఎస్తేరు రాణి ప్రధానోపాధ్యాయిని. అంటే మిగతా ఉపాధ్యాయులకు పైన అని కాదు, మిగతా ఉపాధ్యాయులు లేరు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఆమె ముందు నేల మీద కూర్చునేవాళ్లు. ఆ గది శ్లాబులో ఇనుప చువ్వలు తుప్పు పట్టి బయటికి కనిపించేవి. వాన కురిసిన మర్నాడు పెచ్చులు రాలేవి. రాలిన చోటల్లా ఆమె నేల మీద సుద్దముక్కతో గీత గీసి, గీత దాటి కూర్చోవద్దని పిల్లలకు చెప్పేది. గీతలు ఏటా పెరుగుతుండటంతో పిల్లలందరూ క్రమంగా తలుపు పక్కనున్న మూలకు చేరారు.

ఇలాంటి గదిలో పాఠాలు చెప్పే మనిషికి భూకంపం గురించి ఎవరైనా పట్టించుకుంటున్నారంటే సంతోషం కలగడం సహజం. మార్గదర్శకాలు చేతికి రాగానే ఎస్తేరు రాణి వాటిని ఒకటికి రెండుసార్లు చదివింది. సారాంశం మూడు మాటలు: వంగు, దూరు, పట్టుకో. ఆమెకు ఆ మాటలు నచ్చాయి. పళ్లెంలో ఇసుక పోసి, అగ్గిపెట్టెలతో ఇళ్లు పేర్చి, పళ్లాన్ని కింది నుంచి వేలితో తట్టి చూపించింది. ఇళ్లు పడిపోతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. భూమి లోపల ఎవరున్నారు అని మోక్షిత అనే ఒకటో తరగతి పిల్ల అడిగింది. ఎవరూ ఉండరనీ, పెద్ద పెద్ద బండలుంటాయనీ, మధ్యాహ్నం అన్నం లైన్లో మీరు ఒకళ్లనొకళ్లు నెట్టుకున్నట్టు అవీ నెట్టుకుంటాయనీ టీచరు చెప్పింది. అది పిల్లలకు వెంటనే అర్థమైంది. ఎవరు ముందు నెట్టారో కూడా వాళ్లు ఊహించుకోగలిగారు.

ఆమె ఇంకొంచెం సొంతంగా కూడా చేర్చింది. బడిలో అయితే బల్ల కింద, ఇంట్లో అయితే మంచం కింద. కదలడం ఆగాక పరుగెత్తకుండా, నెట్టుకోకుండా, గోడలకు దూరంగా బయలుకు వచ్చి కూర్చోవాలి. వచ్చేటప్పుడు ఇంట్లో ముసలివాళ్లుంటే చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.

చిక్కల్లా బల్ల దగ్గర వచ్చింది. బడి మొత్తానికి ఉన్నది టీచరు బల్ల ఒక్కటే. మొదటి అభ్యాసంలో పిల్లలందరూ దాని కింద దూరేసరికి బల్ల గాల్లోకి లేచి, పిల్లల వీపుల మీద గది చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. బల్లలు కావాలనీ, అంతకంటే ముందు శ్లాబు బాగుచేయించాలనీ ఆమె మండల విద్యాధికారి పట్టాభిరామయ్య గారికి విన్నవించుకుంది. ఆయన మెత్తని మనిషి. పదవీ విరమణకు దగ్గర పడ్డవాడు. ఎవరినీ నొప్పించకుండా ఆ గడప దాటాలని ఆయన కోరిక. మరమ్మతులు ఇంజనీరింగ్ విభాగానివనీ, తమది అవగాహన విభాగమనీ ఆయన ఓపికగా వివరించాడు. "భవనాన్ని మనం బాగుచెయ్యలేం టీచరమ్మా. అది పడేటప్పుడు ఎట్టా ఉండాలో నేర్పగలం, అంతే" అన్నాడు.

అంతటితో ఆగి ఉంటే ఇది కథ అయ్యేది కాదు. కార్యక్రమానికి ఒక యాప్ కూడా ఉంది. ప్రతి పాఠశాలా అందులో వివరాలు నింపాలి. పాఠం చెప్పారా, పిల్లలు నేర్చుకున్నారా అన్న గడుల తరువాత ఇంకో గడి ఉంది: భూకంపం సంభవించిన తేదీ, తీవ్రత, పిల్లలు స్పందించిన తీరు. విదేశీ యాప్‌ను యథాతథంగా తెచ్చుకోవడం వల్ల ఆ గడి వచ్చింది. అది నింపితే గానీ యాప్ ముందుకు కదలదు. మా జిల్లాలో భూకంపాలు రాలేదు కాబట్టి ఎవరూ నింపలేదు. మూడు నెలలు గడిచేసరికి భూకంప స్పందనలో మా జిల్లా రాష్ట్రంలోనే ఆఖరి స్థానంలో నిలిచింది.

ఈ కార్యక్రమం కోసమే కొత్తగా సృష్టించిన పదవిలో చిదానందరావు గారు జిల్లా సమన్వయాధికారిగా ఉండేవారు. ఆయన వెంటనే సమీక్షా సమావేశం పెట్టారు. పొరుగు జిల్లాలో రెండు భూకంపాలు నమోదయ్యాయనీ, అవి ఎలా వచ్చాయో తనకు అనవసరమనీ, వచ్చాయన్నదే ముఖ్యమనీ అన్నారు. మూడు నెలల్లో ఒక్క భూకంపాన్నయినా సాధించలేకపోవడం క్షేత్రస్థాయిలో నెలకొన్న అలసత్వానికి అద్దం పడుతోందని కూడా అన్నారు. పట్టాభిరామయ్య లేచి, తమది గట్టి నేల అని విన్నవించుకున్నాడు.

"నేల మీద నెపం పెట్టకండి," అన్నారు చిదానందరావు గారు. "మనసుంటే ఏ నేలయినా కదులుతుంది. నెలాఖరులోగా మండలానికి ఒకటి చొప్పున నాకు భూకంపం కనబడాలి."

పట్టాభిరామయ్య మండలానికి తిరిగొచ్చి చాలా ఆలోచించాడు. మొదట ఇద్దరు అటెండర్లను గుండ్లవాగు బడికి పంపి, టీచరు బల్లను చెరో పక్కా పట్టుకుని ఊపించాడు. పిల్లలు పగలబడి నవ్వి, ఇంకోసారి ఊపమని అడిగారు. తరువాత రోడ్డు రోలరు తెప్పించాడు. అది బడి దాకా రాకుండానే వాగు గట్టున దిగబడింది. దాన్ని బయటికి లాగడానికి వచ్చిన యంత్రం వల్ల కొంత ప్రకంపన కలిగిన మాట నిజమే గానీ, ఆ రోజు ఆదివారం. అప్పుడెవరో మహబూబ్ సుభానీ పేరు చెప్పారు. సుభానీకి టెంట్‌హౌసు ఉంది, డీజే బండ్లు ఉన్నాయి. అతని బండి ఊరేగింపులో వస్తుంటే వీధిలో అద్దాలు అదురుతాయనీ, అల్మారాల్లో గిన్నెలు వాటంతటవే కిందికి దిగుతాయనీ పేరు.

పట్టాభిరామయ్య అతణ్ని పిలిపించి విషయం చెప్పాడు. సుభానీ శ్రద్ధగా విని, పెళ్లి ఊరేగింపుకు ఒక రకం ఉంటుంది, నిమజ్జనానికి ఒక రకం ఉంటుంది, మీకు ఏ రకం కావాలని అడిగాడు. విద్యాశాఖకు తగినట్టు మధ్యస్థంగా ఉండాలన్నాడు పట్టాభిరామయ్య.

మర్నాడు డీజే బండి గుండ్లవాగు బడి గోడకు ఆనించి నిలబెట్టారు. మీట నొక్కగానే నేల నిజంగానే అదిరింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. ఎస్తేరు రాణి "వంగు" అని అరిచింది. ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు. పిల్లలకు వినబడింది పాట ఒక్కటే. వాళ్లు లేచి డాన్సు మొదలుపెట్టారు. మోక్షిత టీచరు బల్ల ఎక్కి ఆడింది. పట్టాభిరామయ్య కాలు కూడా తనకు తెలియకుండానే తాళం వేసింది. ఆ సంబరం మధ్యలో శ్లాబు నుంచి పళ్లెమంత పెచ్చు ఊడి, గీతలు గీసి ఉన్న చోట పడింది. దాన్ని చూసింది ఎస్తేరు రాణి ఒక్కతే. ఆమె పరుగున బయటికి వెళ్లి, చేతులు ఊపి సుభానీ చేత బండి ఆపించింది.

పట్టాభిరామయ్య యాప్‌లో తేదీ నింపాడు. తీవ్రత ఎంత అని అడిగితే, ఒక బండి కాబట్టి ఒకటి అని రాశాడు. స్పందన అన్న చోట పిల్లలు ప్రకంపనలకు ఎంతో ఉత్సాహంగా స్పందించారని రాశాడు. యాప్ మొదటిసారి ముందుకు కదిలింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని ఆఫీసులో వాళ్లు చెబుతారు.

ఎస్తేరు రాణికి మాత్రం పని పెరిగింది. మర్నాడు ఆమె పిల్లలను కూర్చోబెట్టి ఒక కొత్త సూత్రం నేర్పాల్సి వచ్చింది. పాటతో కదిలితే అది సుభానీ బండి. పాట లేకుండా కదిలితే అదే భూకంపం. పిల్లలు దాన్ని కూడా బుద్ధిగా వల్లెవేశారు. పాఠాలు ఆరోజు నుంచి టీచరు బల్లతో సహా ఆరుబయట వేపచెట్ల నీడలో జరిగాయి. బల్ల ఆరుబయట ఉండటం మార్గదర్శకాలకు అనుగుణంగా లేదని పట్టాభిరామయ్య బాధపడ్డాడు గానీ లోపలికి వెళ్లమని గట్టిగా చెప్పలేదు.

ఈలోగా గుండ్లవాగుకు ప్రభుత్వం భూకంపం ఇచ్చిందన్న వార్త చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. ఊట్లపాలెం సర్పంచి కోటయ్య పాతిక మందిని వెంటబెట్టుకుని మండలాఫీసుకు వచ్చాడు. గుండ్లవాగువాళ్లకు ఇచ్చి మాకెందుకు ఇవ్వరు, మేం ఓట్లెయ్యలేదా అని నిలదీశాడు. పట్టాభిరామయ్య భయపడి వాళ్లకు రెండు బండ్ల భూకంపం వేయించాడు. దాంతో గుండ్లవాగుకు ఒకటే వచ్చిందన్న సంగతి బయటపడి, ఇక్కడివాళ్లు వెళ్లి ధర్నా చేశారు. ఊరికి ఇచ్చి కాలనీకి ఇవ్వలేదని ఇంకొక చోట గొడవ జరిగింది. గత ఏళ్లలో రావలసి ఉండి రాకుండా పోయిన భూకంపాల బకాయిలు కూడా చెల్లించాలని ఒక సంఘం కోరింది. ఒక వృద్ధుడు మండలాఫీసు కిటికీ దగ్గర నిలబడి, తనకు నడుము నొప్పి ఉందనీ, ఇంటి దగ్గరే భూకంపం ఇచ్చే ఏర్పాటు ఉందా అనీ అడిగాడు. పరిశీలిస్తామని చెప్పి పంపారు.

చిదానందరావు గారు ఈ గందరగోళానికి ముగింపు పలుకుతూ ఉత్తర్వు ఇచ్చారు. ఒక డీజే బండి ఒక పాయింటు తీవ్రతకు సమానం. జనాభాను బట్టి రెండు నుంచి నాలుగు పాయింట్ల వరకు మంజూరు చేయవచ్చు. అయిదో పాయింటుకు జిల్లా కేంద్రం అనుమతి తప్పనిసరి. రాజకీయ ఒత్తిళ్లకు లొంగి తీవ్రత పెంచేవారిపై చర్యలుంటాయి.

ఇక ప్రైవేటు బళ్లు ఊరుకుంటాయా. మండల కేంద్రంలో లిటిల్ రాకెట్స్ కాన్వెంటు వాళ్లు కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎల్‌కేజీ నుంచే భూకంపం, అనుభవజ్ఞులైన సిబ్బంది, ఏసీ సౌకర్యం కలదు. అది చూసి వచ్చి గుండ్లవాగులో ఇద్దరు తండ్రులు ఎస్తేరు రాణిని టీసీలు అడిగారు. పిల్లలు ఇంకో నలుగురు తగ్గితే ఆ బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. పక్క ఊరికి వెళ్లాలంటే చిన్నపిల్లలు లారీలు తిరిగే రోడ్డు దాటాలి. ఆ మాట చెప్పి ఆమె వాళ్లను బతిమాలి, వారం గడువు తీసుకుంది.

ఆ వారంలోనే జిల్లా స్థాయి ప్రదర్శన గుండ్లవాగుకు ఖరారైంది. మొట్టమొదట భూకంపం సాధించిన బడి కాబట్టి గౌరవం దానికే దక్కాలని చిదానందరావు గారు నిర్ణయించారు. నాలుగు బండ్లు, నాలుగు గోడలకు. పిల్లలు గదిలో కొత్త బల్లల దగ్గర కూర్చుని ఉండాలి. ప్రకంపన మొదలవగానే బల్లల కింద దూరాలి. బల్లలు ముందురోజే వచ్చాయి. వార్నిషు ఇంకా ఆరలేదు.

ఏర్పాట్లు చూడటానికి పట్టాభిరామయ్య వచ్చినప్పుడు ఎస్తేరు రాణి ఆయన్ను గదిలోకి తీసుకెళ్లి పైకి చూడమంది. ఆయన చూసి, తల దించుకున్నాడు.

"నేను పిలకాయల్ని దీని కింద కూర్చోబెట్టను సార్," అంది.

"ఇది జిల్లా స్థాయి భూకంపం టీచరమ్మా. నా చేతుల్లో ఏముంది?"

"మీ చేతుల్లో లేదు సార్. పిలకాయలు నా చేతుల్లో ఉండారు గదా."

సస్పెన్షను అనే మాట పలకడం పట్టాభిరామయ్యకు ఇష్టం లేదు. అయినా పలికాడు. ఆ కాయితం ఇవ్వండి తీసుకుంటాను, పిల్లల్ని మాత్రం లోపలికి పంపను అని ఆమె అంది. ఆయనకు మనవలు ఉన్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, కానీ ఎత్తలేదు. చివరికి ఆమే ఒక దారి చెప్పింది. ఏ కార్యక్రమానికైనా ముందు అధికారుల తనిఖీ ఉంటుంది గదా. పెద్దసారు, మిగతా అధికారులూ ముందు లోపల కూర్చుని, ఈ గది భూకంపానికి తగినదని తేల్చాలి. అంతవరకు పిల్లలు బయట మైదానంలో కూర్చుంటారు. ఆ తరువాతి సంగతి ఆ తరువాత. తనిఖీ అన్న మాట వినగానే పట్టాభిరామయ్య ముఖం తేటపడింది. తనిఖీ వద్దనే అధికారిని ఆయన తన ఉద్యోగ జీవితంలో చూడలేదు.

ఇంటికి వెళ్లాక ఎస్తేరు రాణికి భయం వేసింది. ఉద్యోగం పోతే ఏం చేయాలో ఆమె ఆలోచించింది గానీ ఏమీ తోచలేదు. అన్నం తినకుండానే పడుకుంది.

మర్నాడు పొద్దున్నే చిదానందరావు గారు వచ్చారు. ఆయనకు శాలువాలు కప్పారు. ఆయన అధికారులతో కలిసి గదిలోకి వెళ్లి, కొత్త బల్లల వెనక కుర్చీల్లో కూర్చుని తనిఖీ ప్రారంభించారు. తనిఖీ అంటే ప్రసంగం. బయట మైదానంలో పిల్లలు గోడలకు దూరంగా వరుసల్లో కూర్చున్నారు. నాలుగు పక్కలా నాలుగు డీజే బండ్లు సిద్ధంగా ఉన్నాయి. సుభానీ మొదటి బండి దగ్గర నిలబడి జనరేటరు తాడు లాగుతున్నాడు. అది అందుకోవడం లేదు. అతని బండి మొదలైతే గానీ మిగతా మూడూ మొదలుపెట్టకూడదని ముందే అనుకున్నారు కాబట్టి, మిగతా బండ్లవాళ్లు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

అప్పుడు ఎక్కడో దూరంగా లారీలోంచి కంకర దింపుతున్నట్టు చప్పుడైంది. ఆ వెంటనే నేల కదిలింది.

పిల్లలు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఎవరూ డాన్సుకు లేవలేదు. మోక్షిత టీచరు చీర కుచ్చిళ్లు పట్టుకుని పైకి చూసింది.

"టీచర్, పాట లేదు," అంది.

"అవునమ్మా. అందరూ కూర్చునే ఉండండి," అంది ఎస్తేరు రాణి.

లోపల చిదానందరావు గారు చేతి గడియారం చూసుకున్నారు. మొదలుపెట్టేశారన్నమాట అన్నారు. పాట లేకుండా నిర్వహించడం హుందాగా ఉందనీ, ఈ మార్పును తాను స్వాగతిస్తున్నాననీ పట్టాభిరామయ్యతో చెప్పారు. బల్ల మీద గ్లాసులో నీళ్లు తొణికితే తల ఊపి మెచ్చుకున్నారు. ఆయన బట్టతల మీద సున్నం పొడి రాలుతోంది. ఇంకొంచెం పెంచమని చెప్పండి అన్నారు.

బయట టీచరు గుమ్మం వైపు తిరిగి, లోపలున్నవాళ్లను బల్లల కింద దూరమని అరిచింది. ఆ మాట చెవిన పడగానే పిల్లలందరూ అలవాటు కొద్దీ గొంతు కలిపి పాఠం అందుకున్నారు. వంగు, దూరు, పట్టుకో. వంగు, దూరు, పట్టుకో. పట్టాభిరామయ్య ఆ మూడు మాటలను ఎన్ని బళ్లలో ఎన్నిసార్లు విన్నాడో లెక్క లేదు. చెయ్యడం మాత్రం అదే మొదలు. ఆయన వంగాడు. దూరాడు. చేతికి అందిన దాన్ని పట్టుకున్నాడు. అది చిదానందరావు గారి కాలు. దాన్ని బలంగా లాగేసరికి ఆయన కుర్చీలోంచి జారి బల్ల కిందికి వచ్చారు. మిగతా అధికారులు పై అధికారి ఏం చేస్తే అది చేయడం అలవాటైనవాళ్లు కావడం వల్ల వెంటనే దూరారు. మరుక్షణం శ్లాబులోంచి పెద్ద ముక్క ఊడి, చిదానందరావు గారు ఖాళీ చేసిన కుర్చీని నేలమట్టం చేసింది.

నేల నిలిచింది. కాసేపటికి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. తెల్లటి దుమ్ములో ఎవరు ఏ అధికారో గుర్తుపట్టడం కష్టమైంది. అందరి ప్యాంట్లకూ వార్నిషు అంటుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎస్తేరు రాణి వెళ్లి గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఆ తాళం తియ్యమని ఆ రోజు ఆమెను ఎవరూ అడగలేదు.

చిదానందరావు గారు గట్టిగా ఊపిరి పీల్చుకుని, సుభానీ ఎవరని అడిగారు. సుభానీ జనరేటరు తాడు చేతిలో పట్టుకునే వచ్చాడు. ఆయన అతణ్ని కావలించుకున్నారు. ఇంత సహజంగా చేసినవాళ్లను తాను ఎక్కడా చూడలేదన్నారు.

"సార్, నాదింకా స్టార్టే కాలేదు," అన్నాడు సుభానీ. "నేను తాడు లాగతానే ఉండా."

"పెద్ద కళాకారులందరూ ఇలాగే వినయంగా మాట్లాడతారు," అన్నారు చిదానందరావు గారు, పక్కవాళ్లతో.

సుభానీ పట్టాభిరామయ్య వంక చూశాడు. పట్టాభిరామయ్య నేల వంక చూస్తున్నాడు.

నివేదిక మధ్యాహ్నానికల్లా తయారైంది. ప్రదర్శన నూరు శాతం విజయవంతమైందనీ, భవనం కూడా అందులో చురుకుగా పాల్గొందనీ రాశారు. సుభానీ మాట ప్రకారం బండ్లు మొదలవకముందే ఇంత ఫలితం వచ్చింది కాబట్టి ఇకపై అన్ని మండలాల్లోనూ బండ్లను మొదలుపెట్టకుండానే భూకంపాలు నిర్వహించి, డీజిల్ ఆదా చేయాలని సూచించారు. అదే సమయంలో టీవీలో భూగర్భ శాస్త్రవేత్తలు మా జిల్లాలో స్వల్ప ప్రకంపనలు వచ్చాయని చెప్పారు. చిదానందరావు గారు అప్పటికప్పుడు ఖండన పంపారు. సదరు ప్రకంపన పూర్తిగా తమ కార్యక్రమం ఆధ్వర్యంలో నిర్వహించబడినదనీ, ఇతరులు దాన్ని తమ ఖాతాలో వేసుకోవడం శోచనీయమనీ అందులో ఉంది.

పొద్దుగూకే వేళకు గుండ్లవాగులో ఇళ్లలో అన్నాలు ఉడుకుతున్నాయి. అప్పుడు నేల మళ్లీ కదిలింది. ఈసారి పొద్దుటికంటే గట్టిగా.

మోక్షిత వాళ్ల నాయనమ్మ రోశమ్మ మంచం మీద కూర్చుని వక్క నములుతోంది. మనవరాలు మంచం కింది నుంచి చెయ్యి చాపి, కిందికి రమ్మని లాగింది. మంచం కింద తాను పట్టనని రోశమ్మ అంది. పడతావు రా అని పిల్ల కాలు పట్టి లాగేసింది. రోశమ్మ పట్టింది. ఇద్దరూ మంచం కోడు పట్టుకుని కూర్చున్నారు. పెంకులు రెండు జారి మంచం మీద పడ్డాయి. కదలడం ఆగాక మోక్షిత నాయనమ్మ చెయ్యి పట్టుకుని, నెట్టుకోకూడదని చెబుతూ బయటికి నడిపించింది. ఆ ఇంట్లో నెట్టుకోవడానికి వాళ్లిద్దరే ఉన్నారు, అయినా చెప్పింది.

వీధిలో ప్రతి గుమ్మం నుంచీ అదే వరస. చంకనెత్తుకోవలసిన పిల్లలు పెద్దవాళ్లను చేతులు పట్టుకుని తీసుకొస్తున్నారు. స్నానం మధ్యలో తువ్వాలుతో వచ్చినవాళ్లున్నారు. పొయ్యి ఆర్పి వస్తానని మొండికేసిన తల్లిని ఇద్దరు అన్నదమ్ములు చెరో చెయ్యీ పట్టుకుని లాక్కొచ్చారు. ఎస్తేరు రాణి గుండెలు బాదుకుంటూ పరుగున వచ్చేసరికి ఊరంతా తారురోడ్డు మీద, గోడలకు దూరంగా కూర్చుని ఉంది. పిల్లలు పెద్దవాళ్లను కూడా వరుసల్లో కూర్చోబెట్టారు. వీధి చివర ప్రహరీగోడ ఒకటి పూర్తిగా పడిపోయింది. దాని పక్కన ఎవరూ లేరు. ఆమె వరుసల మధ్య నడుస్తూ పిల్లలను ఒక్కొక్కరినీ తల మీద చెయ్యి వేసి చూసుకుంది. అందరూ ఉన్నారు. టీసీ అడిగిన ఇద్దరు తండ్రులూ ఆఖరి వరుసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆమెను చూసి లేవబోయారు గానీ, పిల్లలు లేవనివ్వలేదు. అప్పుడు ఆమె రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది.

కొంతసేపటికి పట్టాభిరామయ్య స్కూటరు మీద వచ్చాడు. మండల కేంద్రంలో ఆయన ఇల్లు కూడా ఊగింది. ఆయన భార్యతో సహా భోజనాల బల్ల కింద దూరి, అక్కడి నుంచి నేరుగా ఇక్కడికి బయలుదేరాడు. ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు. పడిన గోడను చూశాడు, పిల్లలను చూశాడు. ఖాళీ ఉన్న చోట చెప్పులు విడిచి, వాళ్లలో ఒకడిగా కూర్చున్నాడు. రోశమ్మ ఆయనకు వక్క పెట్టింది.

అప్పుడు ఆయన ఫోను మోగింది. చిదానందరావు గారు. సాయంకాలపు భూకంపం తన దృష్టికి వచ్చిందనీ, పాఠశాల వేళలు ముగిశాక నిర్వహించడానికి అనుమతి ఎవరిచ్చారనీ ఆయన అడుగుతున్నారు.

"ఎవరూ ఇవ్వలేదు సార్," అన్నాడు పట్టాభిరామయ్య. "అదే వచ్చింది."

అవతల గొంతు పెరిగింది. అదే రావడమేమిటయ్యా, రేపటి నుంచి ఇలాంటివి జరగకుండా సంబంధితులకు గట్టిగా చెప్పు అని వినిపించింది.

"చెప్తాను సార్," అన్నాడు పట్టాభిరామయ్య.

ఫోను జేబులో పెట్టుకుని, కాళ్ల కింది రోడ్డు వంక కాసేపు చూశాడు. తరువాత ఎస్తేరు రాణి వైపు తిరిగాడు.

"రేపు పిలకాయలకి బడి ఎక్కడ పెడదాం టీచరమ్మా?" అని అడిగాడు.